కల నేర్పే పని



మన దేవరకొండ మెట్టసీమలో బోరు ఎండిపోయినట్లు కల వస్తే గుండె గుభేలుమంటుంది. వెంటనే సోదె చెప్పేవారి వద్దకు పరుగెత్తాలా? వద్దు. కలలను నమ్మి మోసపోవద్దని సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం హెచ్చరిస్తున్నది.

మరి యోసేపు ఏమి చేశాడు? ఫరో కలకు అర్థం చెప్పి ఊరుకోలేదు. బాగా పండే ఏడేండ్లలో ఐదవ వంతు పంట నిలువ చేయమన్నాడు (ఆది 41:34). పునీత జోజప్పగారు నిద్రలేచి, దేవదూత చెప్పినట్లే చేశారు (మత్తయి 1:24).

కనుక కల వస్తే ముందు ప్రార్థించండి. అది భయమా, ఆశా, మరచిన బాధ్యతా అని ఇంటివారితో కలిసి ఆలోచించండి. కల చూసి అప్పు తెచ్చి మరో బోరు వేయకండి. తక్కువ నీటితో పండే కంది, ఆముదం గురించి మాట్లాడుకోండి. మేలుచేసే ఒక చిన్న పని ఆ రోజే మొదలుపెట్టండి.

ప్రభువు మిమ్ము దీవించునుగాక!