కాగితం మీది పేరు, పొలంలోని ధమ్మం
(జావా ద్వీపంలోని కలోరాన్ రైతుల నుంచి ఒక పాఠం)





జావా అనగానే మనకు బోరోబుదూర్ గుర్తొస్తుంది. 504 బుద్ధ విగ్రహాలు, 1460 కథా శిల్పాలు, పైన 72 చిన్న స్తూపాలు ఉన్న ఆ మహా కట్టడం ఫొటో మనలో చాలామంది చూసే ఉంటారు. అయితే ఈ పాఠం బోరోబుదూర్ గురించి కాదు. దానికి ఉత్తరాన, కొద్ది గంటల ప్రయాణం దూరంలో కొండల మధ్య ఉన్న ఒక చిన్న పల్లె గురించి. ఆ పల్లె పేరు క్రెచెక్. యాత్రికులు బస్సులు కట్టించుకుని వెళ్ళే చోటు కాదది. కాని బౌద్ధులుగా బతకడం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఒకసారి మనసుపెట్టి చూడాల్సిన ఊరు.

ఊరు ఎక్కడుంది?

మధ్య జావా రాష్ట్రంలో తెమాంగుంగ్ అనే జిల్లా ఉంది. దాని పడమటి వైపు సుంబింగ్, సిందోరో అనే రెండు పెద్ద అగ్నిపర్వతాలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. రెండూ 3000 మీటర్లకు పైగా ఎత్తున్నవే. ఆ వాలుల్లో పండే పొగాకుకు ఇండోనేసియా అంతటా పేరుంది. జిల్లా తూర్పు వైపు కొండలు అంత ఎత్తుగా ఉండవు. అక్కడే కలోరాన్ మండలం. ఆ మండలంలో గెతాస్ అనే గ్రామం, ఆ గ్రామం కింద ఒక శివారు పల్లె క్రెచెక్.

అక్కడివాళ్ళు రైతులు. తోటల్లో రోబస్టా కాఫీ వేస్తారు. వరి, మొక్కజొన్న, కర్రపెండలం పండిస్తారు. మేకలు పెంచుకుంటారు. మన జీలుగు చెట్టును పోలిన అరెన్ అనే చెట్టు నుంచి నీరా తీసి, కాచి బెల్లం చేస్తారు. మన అడవి పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఇదంతా చూసినట్టే అనిపిస్తుంది. తేడా ఏమిటంటే, ఆ పల్లెలో ఎక్కువమంది బౌద్ధులు. 2010 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద బౌద్ధులు నూటికి ఒకరు కూడా లేరు. అలాంటి దేశంలో రైతులే బౌద్ధులైన పల్లెలు ఈ కలోరాన్ మండలంలో ఇంకా ఉన్నాయి.

ఈ నేలకు ధమ్మంతో పాత సంబంధం

ఈ ప్రాంతానికి బుద్ధుడి పేరు కొత్త కాదు. క్రీ.శ. 824 నాటి ఒక శాసనం తెమాంగుంగ్ జిల్లాలోని కరంగ్‌తెంగాహ్‌లో దొరికింది. అందులో శైలేంద్ర వంశపు రాజు సమరతుంగుడి పేరు, ఒక జినాలయ ప్రతిష్ఠ ప్రస్తావన ఉన్నాయి. మరో శాసనం 842 నాటిది. శ్రీ కహులున్నన్ అనే రాణి, త్రి తెపుసాన్ అనే చోట కొన్ని పొలాలను పన్ను లేకుండా చేసి, వాటి ఫలసాయాన్ని భూమిసంభార అనే పుణ్యక్షేత్రానికి ఇచ్చిందని అది చెబుతుంది. ఈ భూమిసంభార బోరోబుదూరే అయి ఉండవచ్చని కొందరు పండితుల అభిప్రాయం. ఈనాటి కలోరాన్ మండలంలో కూడా తెపుసాన్ అనే ఊరు ఒకటి ఉంది. పేరు కలిసింది కదా అని రెండూ ఒకటే అని తేల్చలేం. కాని ఒక విషయం మాత్రం స్పష్టం. అంత పెద్ద క్షేత్రం నిలవాలంటే రాతి పని చేసేవాళ్ళు ఉంటే చాలదు, వరి పండించేవాళ్ళు కావాలి. గుడి కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది. దానికి అన్నం పెట్టింది రైతు.

ఈ సంబంధం ఇప్పటికీ ఒక రూపంలో సాగుతోంది. ఏటా వైశాఖ పున్నమికి బోరోబుదూర్ దగ్గర జరిగే వేడుకకు పవిత్ర జలాన్ని ఈ తెమాంగుంగ్ జిల్లాలోని జుంప్రిత్ ఊట నుంచే తీసుకెళ్తారు. ముందు మెందుత్ గుడికి, అక్కడి నుంచి బోరోబుదూర్‌కు ఊరేగింపుగా వెళ్తారు.

మనకు కూడా ఈ దీవులతో చిన్న బంధుత్వం ఉంది. తూర్పు జావాలోని జెంబర్ ప్రాంతంలోనూ, సులవేసి ద్వీపంలోనూ దొరికిన పాత కంచు బుద్ధ విగ్రహాల్లో అమరావతి శిల్ప శైలి కనబడుతుందని కళాచరిత్రకారులు చెబుతారు. కృష్ణా తీరం నుంచి ఓడలు వెళ్ళిన దారిలోనే ధమ్మమూ వెళ్ళింది.

పేరు ఎలా వచ్చింది?

అలా అయితే క్రెచెక్ రైతులు శైలేంద్రుల కాలం నుంచి వరసగా బౌద్ధులేనా? కాదు. ఇక్కడే మన పాఠం మొదలవుతుంది.

పదహారో శతాబ్దం నాటికి మజాపహిత్ రాజ్యం పోయింది. దానితోపాటు సంఘం కూడా జావాలో కనుమరుగైంది. ప్రజల్లో ఎక్కువమంది ముస్లిములయ్యారు. అయినా పల్లెల్లో పూర్వీకులను తలుచుకోవడం, ఊరంతా కలిసి తినడం, భూమికి మొక్కడం లాంటి జావా ఆచారాలు చాలావరకు అలాగే నిలిచాయి. 1934లో సింహళ భిక్షువు నారద థేర జావాకు వచ్చి బోరోబుదూర్ దగ్గర బోధి మొక్క నాటారు. బోగోర్‌లో పుట్టిన ఒక యువకుడు 1953లో బోరోబుదూర్ దగ్గర పెద్ద ఎత్తున వైశాఖ వేడుక జరిపించారు. మరుసటి ఏడు బర్మా వెళ్ళి భిక్షువయ్యారు. ఆయనే ఆషిన్ జినరక్ఖిత. ఆయన తిరిగి వచ్చి ఊరూరా తిరిగారు.

ఇంతలో 1965 వచ్చింది. ఆ ఏడాది చివర్లో మొదలైన రాజకీయ హింసలో లక్షలాది మంది చనిపోయారు. 'మతం లేనివాడు' అంటే 'కమ్యూనిస్టు' అని అనుమానించే రోజులవి. అదే ఏడాది వచ్చిన ఒక ప్రభుత్వ ఉత్తర్వు దేశంలో ఆరు మతాల పేర్లు చెప్పింది: ఇస్లాం, ప్రొటెస్టెంట్, కాథలిక్, హిందూ, బౌద్ధం, కన్ఫ్యూషియన్. గుర్తింపు కార్డులో మతం గడి ఖాళీగా ఉంటే ప్రాణానికే ముప్పు. అప్పటిదాకా పెద్దల ఆచారంతోనే బతికిన జావా పల్లెజనంలో చాలామంది ఏదో ఒక పేరు ఎంచుకోవాల్సి వచ్చింది. కొందరు క్రైస్తవులయ్యారు, కొందరు హిందువులయ్యారు, కొందరు బౌద్ధులయ్యారు. మధ్య జావా కొండపల్లెల్లో బౌద్ధం మళ్ళీ పెరిగింది ఈ రోజుల్లోనే.

అందరూ భయంతోనే వచ్చారని అనలేం. మన పెద్దల మతం ఇదే కదా అని ఇష్టంగా వచ్చినవాళ్ళూ ఉన్నారు. కాని చాలామందికి పేరు ముందు వచ్చింది. త్రిశరణం, పంచశీలాలు, ధమ్మం అర్థం తరవాత వచ్చాయి. ఇది దాచుకోవాల్సిన సంగతి కాదు. వాయిదా వేసిన ప్రశ్న ఒకటి ఇక్కడ ఉంది: కార్డు మీద 'బౌద్ధం' అని రాసినంత మాత్రాన బౌద్ధులైపోతామా?

పేరు నుంచి నడతకు

ఈ ప్రశ్నకు ఆ రైతులు గ్రంథాలు రాసి జవాబు చెప్పలేదు. బతికి చూపించారు. బుద్ధ భగవానుడు మనుషుల్ని కలిపి ఉంచే నాలుగు గుణాలు చెప్పాడు. వాటినే సంగహ వత్థువులు అంటారు: దానం, ప్రియవచనం, అత్థచరియ అంటే మేలు చేయడం, సమానత్తతా అంటే తనతో సమానంగా చూడడం. బండి చక్రం ఊడిపోకుండా పట్టి ఉంచే సీలలాంటివి ఇవి. జావా పల్లె బతుకును ఈ నాలుగింటితో పోల్చి చూద్దాం.

ఒకటి, దానం. అక్కడ భిక్షువులు తక్కువ. అందుకని ధమ్మ కార్యాలు నడిపేది ఎక్కువగా గృహస్థులే. అలా నడిపే ఉపాసకుణ్ణి అక్కడ 'పండిత' అంటారు. మన భాషలో పండితుడంటే పెద్ద చదువు చదివినవాడు. అక్కడ పండిత అంటే పొద్దున తోట పని చేసుకుని, సాయంత్రం విహారలో పూజ చేయించే మనిషి. తన సమయాన్ని ఊరికి ఇవ్వడమే ఆయన దానం.

రెండు, ప్రియవచనం. బౌద్ధ కుటుంబాలు విహారలో కలుసుకోవడమే కాదు, వంతులవారీగా ఒకరింట్లో ఒకరు చేరి పూజ చేసుకునే పద్ధతి ఈ పల్లెల్లో ఉంది. దీన్ని 'అంజంగ్‌సానా' అంటారు, అంటే ఇంటికెళ్ళి పలకరించడం. గడప తొక్కి పలకరించే మనిషితో పగ పెట్టుకోవడం కష్టం కదా!

మూడు, అత్థచరియ. 'గోతోంగ్ రోయోంగ్' అని జావాలో ఒక మాట ఉంది. కలిసి పని చేయడం అని అర్థం. ఒకరు ఇల్లు కట్టుకుంటుంటే ఊరు వచ్చి చెయ్యి వేస్తుంది. రేపు ఆయన ఇంకొకరి ఇంటికి వెళ్తాడు. కూలి లెక్క ఉండదు. ఇవాళ మీ ఇంట, రేపు మా ఇంట.

నాలుగు, సమానత్తతా. దీన్ని చూడాలంటే ఆ ఊరి శ్మశానానికి వెళ్ళాలి.

న్యాద్రాన్

జావా పల్లెల్లో 'న్యాద్రాన్' అనే ఆచారం ఉంది. మన 'శ్రాద్ధం' అనే మాటే అక్కడ అలా మారింది. 1362లో మజాపహిత్ రాజు హయం వురుక్ తన అమ్మమ్మ, బౌద్ధ సన్యాసినిగా జీవించిన రాజపత్ని కోసం ఘనంగా శ్రాద్ధం జరిపించినట్టు ఆనాటి రచన చెబుతుంది. రాజుల వేడుక పోయింది, పల్లె వేడుక మిగిలింది. ఎక్కువ ఊళ్ళలో రంజాన్‌కు ముందు రోజుల్లో, ఒక్కో ఊరు తన లెక్క ప్రకారం దీన్ని జరుపుకుంటుంది.

క్రెచెక్‌లోనూ, పక్కనే ఉన్న గ్లెతుక్ పల్లెలోనూ బౌద్ధులు, ముస్లిములు ఇద్దరూ ఉన్నారు. న్యాద్రాన్ రోజున ముందుగా సమాధులు శుభ్రం చేస్తారు. తర్వాత ఇంటింటి నుంచి 'తెనొంగ్' అనే గుండ్రటి వెదురు బుట్టల్లో అన్నం, కూరలు, పిండివంటలు తెస్తారు. బౌద్ధులు తమ పద్ధతిలో ప్రార్థిస్తారు, ముస్లిములు తమ పద్ధతిలో ప్రార్థిస్తారు. ఆ తర్వాత అందరూ నేల మీద కూర్చుని ఒకరి బుట్టలోది ఒకరు తింటారు. కొన్నేళ్ళుగా దీన్ని 'శాంతి న్యాద్రాన్' అనే పేరుతో బయటి ఊళ్ళవాళ్ళను కూడా పిలిచి జరుపుతున్నారు.

ధమ్మంలో దీనికి చోటుందా? ఉంది. చేసిన పుణ్యాన్ని పోయినవారితో పంచుకోవడాన్ని పత్తిదానం అంటాం. అయితే ఇక్కడ గమనించాల్సింది, పంచుకోవడం చనిపోయినవారితో ఆగిపోవడం లేదు. పక్కన కూర్చున్న బతికున్న మనిషి దాకా వస్తోంది. మా తాత మీ తాత పక్కనే పడుకున్నాడు, మనం మాత్రం ఎందుకు విడిగా కూర్చోవాలి? ఈ మాట ఎవరూ పైకి అననక్కర్లేదు. బుట్ట విప్పితే చాలు.

ఇప్పటి పరీక్ష

అంతా బాగుందని అనుకుని పుస్తకం మూసేయకండి. ఆ పల్లెలకూ కష్టం ఉంది. చదువుకున్న పిల్లలు పనికోసం పట్నాలకు పోతున్నారు. ఇండోనేసియాలో 1974 వివాహ చట్టం ప్రకారం పెళ్ళి మత పద్ధతిలోనే జరగాలి. వేరే మతంవాళ్ళను చేసుకుంటే ఆచరణలో ఇద్దరిలో ఒకరు కార్డు మీద మతం మార్చుకోవడమే ఎక్కువగా జరుగుతుంది. సంఖ్య తక్కువున్నవాళ్ళే ఎక్కువగా మారతారు. అంటే, తాత కాలంలో ఒక అవసరం కోసం వచ్చిన పేరు, మనవడి కాలంలో ఇంకో అవసరం కోసం పోవచ్చు. కాగితం మీదికి వచ్చింది కాగితం మీదనే పోతుంది. మరి ఏది నిలుస్తుంది? పిల్లవాడు ఆదివారం ధమ్మ పాఠశాలలో కూర్చుని నేర్చుకున్నది, తల్లితోపాటు బుట్ట మోసినప్పుడు చూసినది, పక్కింటివాళ్ళ గోడ కట్టేటప్పుడు చేతులకు అంటిన మట్టి. నిలిస్తే ఇవే నిలవాలి.

మన సంగతి

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ దీక్ష తీసుకున్నారు. ఆయన బాటలో వచ్చినవాళ్ళకు పేరు భయంతో రాలేదు, ఆత్మగౌరవంతో వచ్చింది. కలోరాన్‌కూ మనకూ ఆ తేడా ఉంది. కాని ఆ తరవాత ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఇద్దరికీ ఒకటే. సర్టిఫికెట్‌లో, జనాభా లెక్కల్లో 'బౌద్ధం' అని రాయించుకోవడం అవసరమే. అది హక్కు, అది లెక్క. రాయించుకున్నాక ఇంట్లో ఏం మారింది?

ఏడాదికి రెండుసార్లు, జయంతికీ దీక్షా దినానికీ, తెల్లచొక్కా వేసుకుని వస్తాం, దండ వేస్తాం, ఉపన్యాసం వింటాం. మంచిదే. మిగతా రోజుల్లో పక్క వీధివాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చుంటున్నామా? మన పిల్లలకు పంచశీలాల అర్థం వాళ్ళ మాటల్లో తెలుసా? భిక్షువు రాలేదని పూజ ఆపేస్తున్నామా, లేక మనలోనే ఒక 'పండిత' తయారవుతున్నాడా?

బోరోబుదూర్ అడుగున 160 శిల్పాలు రాతి గోడ వెనక దాగి ఉన్నాయని 1885లో బయటపడింది. కర్మ, కర్మఫలం చూపే బొమ్మలవి. వాటిలో మామూలు మనుషుల మంచీ చెడూ కనిపిస్తాయి. ఫొటోలు తీసి, మళ్ళీ రాళ్ళతో మూసేశారు. ఇప్పుడు ఒక మూల మాత్రమే కనబడుతుంది. పైన స్తూపాలను చూడడానికి లోకమంతా వస్తుంది. అడుగున ఉన్నది మామూలు మనుషుల నడత. మనం ఎవరికీ కనబడనప్పుడు చేసేదే మన ధమ్మం.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి

1. నాలుగు సంగహ వత్థువుల్లో మన ఇంట్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ?

2. మన వీధిలో వేరే మతం కుటుంబంతో కలిసి భోజనం చేసి ఎన్నాళ్ళయింది?

3. నెలకొకసారి ఒక ఇంట్లో చేరి త్రిశరణం, పంచశీలాలు చెప్పుకోవడానికి ముందుకు వచ్చే నాలుగు కుటుంబాలు ఎవరు? పేర్లు రాసుకోండి. మొదటి నెల మీ ఇంట్లోనే పెట్టుకోండి.

పెద్ద ఖర్చు అక్కర్లేదు. చాప వేయండి, దీపం పెట్టండి, వచ్చినవాళ్ళకు ఇంత టీ ఇవ్వండి. క్రెచెక్‌లో రైతులు చేసేదీ ఇంతకు మించి పెద్దదేం కాదు.

సకల జీవులకు మంగళం కలుగుగాక. సాధు, సాధు, సాధు.