ఆరోగ్యశ్రీలో వైద్యం వికటిస్తే ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగి తేడా వస్తే, చాలా కుటుంబాలకు ఎదురయ్యే మాట ఒకటుంది: "మీరు పైసా కట్టలేదు కదా, ఇంక అడిగేదేముంది?" ఇది తప్పు మాట. మీ తరఫున ఆసుపత్రికి ప్రభుత్వం డబ్బు కట్టింది. పైగా, కొందరి దగ్గర ఫీజు తీసుకునే ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం పొందినవాళ్లు కూడా వినియోగదారులేనని వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అందరికీ ఉచితంగా చూసే సర్కారు దవాఖానాకు మాత్రం వినియోగదారుల చట్టం వర్తించదు. అక్కడ జరిగినదాని మీద మెడికల్ కౌన్సిల్‌కు, పోలీసులకు ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఎక్కడికి వెళ్లినా ముందు కావాల్సింది కేస్ షీట్. రోగి గానీ, రోగి తరఫు వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. నోటిమాటగా అడగొద్దు. కాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇవ్వకపోతే అదే ఇంకో ఫిర్యాదు అవుతుంది.

నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఘటన జరిగిన రెండేళ్లలోపు కేసు వేయాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మెడికల్ కౌన్సిల్ ఏదో ఒకటి తేల్చాక చూద్దాంలే అని ఆగుతారు, ఈలోపు గడువు దాటిపోతుంది. అలా ఆగాల్సిన పని లేదు, రెండూ ఒకేసారి నడవొచ్చు. వైద్యానికి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

డాక్టర్ లైసెన్సు సంగతి చూసేది హైదరాబాద్‌లోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్. విచారించి హెచ్చరించవచ్చు, కొంతకాలం గానీ శాశ్వతంగా గానీ రిజిస్టర్ నుంచి పేరు తీసేయవచ్చు. పేరు లేనన్నాళ్లూ ఆ డాక్టర్ ప్రాక్టీసు చేయకూడదు. అయితే కౌన్సిల్ మీకు రూపాయి ఇప్పించదు. అసలు రిజిస్టర్‌లో పేరే లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు గానీ, 5 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి.

పోలీసు కేసు అన్నిటికన్నా కష్టం. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద రిజిస్టర్డ్ డాక్టర్‌కు రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. కానీ ప్రయత్నం ఫలించకపోవడం వేరు, తీవ్రమైన నిర్లక్ష్యం వేరు. జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు గీసిన గీత అదే. అందుకే పోలీసులు ముందుగా మరో డాక్టర్ అభిప్రాయం తీసుకుంటారు. వెంటనే అరెస్టు చేయలేదని వాళ్లతో గొడవకు దిగి లాభం లేదు. కోపంలో ఆసుపత్రి అద్దాలు పగలగొడితే మాత్రం 2008 నాటి చట్టం కింద మీకే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

ఇక కార్డు ఉన్నా "పైన కొంచెం కట్టండి" అని ఎవరైనా అడిగితే, డిశ్చార్జి దాకా ఆగకండి. అక్కడే ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104కు ఫోన్ చేయండి. అలా వసూలు చేసే ఆసుపత్రిని పథకం నుంచి తొలగించే అధికారం ఆరోగ్యశ్రీ ట్రస్టుకు ఉంది. కట్టిన డబ్బుకు రసీదు ఉంటే దాని ఫొటో తీసి పెట్టుకోండి.