పరిచర్య

హృదయ వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు. శరీరానికి చాలినంత రక్తాన్ని అది అందించలేకపోవడం. అందువల్ల ఊపిరితిత్తులలో, పాదాలలో నీరు చేరుతుంది. చీలమండపై వేలితో నొక్కితే గుంట నిలుస్తున్నదా, నిద్రకు ఎన్ని తలగడలు కావలసివస్తున్నవి, నాలుగడుగులకే ఆయాసం కలుగుతున్నదా అని నర్సు పరిశీలించాలి.

రోగిని ప్రతి ఉదయం మూత్రవిసర్జన అనంతరం, అల్పాహారానికి ముందు, ఒకే త్రాసుపై తూచాలి. మూడు రోజులలో 2 కిలోలు పెరిగితే అది సాధారణంగా నీటి బరువే. వెంటనే వైద్యునికి తెలపాలి. ఆయాసపడే రోగిని తల ఎత్తుగా ఉంచి కూర్చోబెట్టాలి.

ఉప్పు దేహంలో నీటిని నిలుపుతుంది. ఆవకాయ, అప్పడం ఎందుకు కూడదో ఓర్పుతో బోధించాలి. ఇల్లు చేరిన రోగి ఇది మరచిపోతే తిరిగి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదముంది. కనుక బోధన కూడా పరిచర్యలో భాగమే.

ప్రశ్న: రోగిని ప్రతిదినం తూచడం ఎందుకు అవసరం?