పదిహేను అంతస్తులకు ఏ క్రేన్?

ప్రశ్న: పదిహేను అంతస్తుల అపార్టుమెంటుకు టవర్ క్రేన్ పెట్టాలా, మొబైల్ క్రేన్ సరిపోతుందా? ఎన్ని టన్నులది కావాలి?

జవాబు: క్రేన్ మీద రాసి ఉన్న టన్నులు దగ్గరి బరువుకే వర్తిస్తాయి. 50 టన్నుల మొబైల్ క్రేన్ ఆ బరువు ఎత్తేది సుమారు 3 మీటర్ల దూరంలోనే. బూమ్ (క్రేన్ చేయి) చాచేకొద్దీ సామర్థ్యం వేగంగా పడిపోతుంది. కాబట్టి ఎంపిక మొదలవ్వాల్సింది అత్యంత దూరాన దించాల్సిన అత్యంత బరువైన వస్తువు నుంచి. ఘనమీటరు కాంక్రీటు దాదాపు 2.4 టన్నులు. దానికి బకెట్టు, హుక్కు, స్లింగుల బరువు కూడా కలపాలి. ఉదాహరణకు 40 మీటర్ల దూరంలో అంత బరువు ఎత్తగలదో లేదో తయారీదారు లోడ్ చార్టులోనే చూడాలి. క్రేన్ యజమాని నోటిమాట చార్టుకు బదులు కాదు.

నెలల తరబడి రోజూ సామాను పైకి చేర్చాల్సిన పదిహేను అంతస్తుల పనికి టవర్ క్రేనే తగినది. చుట్టూ భవనాలున్న ఇరుకు స్థలమైతే జిబ్‌ను (టవర్ క్రేన్ చేయిని) పైకి లేపగల లఫింగ్ రకం మేలు. ఎత్తు పెరిగాక మాస్టును (క్రేన్ నిలువు స్తంభాన్ని) భవనానికి కట్టాలి; ఆ భారాన్ని స్ట్రక్చరల్ ఇంజనీరు ముందే లెక్కించాలి. మొబైల్ క్రేన్ అప్పుడప్పుడు పడే ఎత్తుడు పనులకు, టవర్ క్రేన్‌ను బిగించడానికి, విప్పడానికి పనికొస్తుంది.

నేల గట్టిదనం, పక్కనున్న విద్యుత్ తీగలు కూడా ముందే పరిశీలించాలి. విమానాశ్రయం దగ్గరైతే ఎత్తుకు అనుమతి తప్పనిసరి. గాలి పరిమితి దాటితే పని ఆపి, టవర్ క్రేన్ జిబ్ గాలివాటుకు తిరిగేలా బ్రేకు వదలాలి.