ప్రొసీడ్ నొక్కే వేలిని పట్టుకోండి!

కీసరలో కొత్తిల్లు. గృహప్రవేశం అయిన మూడో రోజే ఇంటర్నెట్ కుర్రాడు వచ్చాడు. గోడకు రంధ్రం కొట్టాడు, కేబుల్ లాగాడు, టీవీ వెనక డబ్బా బిగించాడు. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్?" అన్నాడు. "నీ ఇష్టం" అన్నాను. నా ఫోన్ నంబరు పెట్టేసి వెళ్లిపోయాడు. గృహప్రవేశం కార్డు మీద అచ్చేయించి ఊరంతా పంచిన నంబరది!

నెల తర్వాత ఆ పాస్‌వర్డ్ మార్చాలని బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాను. ఎర్రటి హెచ్చరిక వచ్చింది. 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు.' చదవనే లేదు. అడ్వాన్స్‌డ్... ప్రొసీడ్... రెండు క్లిక్కులు, పనైపోయింది.

అసలు కథ ఆ వారంలోనే జరిగింది. కరెంటు బిల్లు కట్టలేదంటూ ఎవరో మెసేజ్ పంపారు. లింకు నొక్కాను. మళ్లీ అదే ఎర్ర హెచ్చరిక. నా వేలు దానంతటదే ప్రొసీడ్ వైపు వెళ్లింది. పక్కనున్న మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "నాన్నా, అక్కడ ఏం రాసుందో చదివావా?"

చదవలేదు. నా వేలికి దాటేయడం అలవాటైపోయింది. ఆ అలవాటు నేర్పింది మా ఇంటి రౌటరే!

అందుకే చెబుతున్నాను. రౌటర్ కొనేటప్పుడు స్పీడ్ ఒక్కటే చూడకండి. అది మీ వేలికి ఏ అలవాటు నేర్పుతుందో కూడా చూడండి.

ఆ హెచ్చరిక ఎందుకొస్తుంది?

వెబ్‌సైట్ అసలుదేనని చెప్పడానికి ఒక సర్టిఫికెట్ ఉంటుంది. 192.168.1.1 లాంటి అడ్రస్‌కు ఆ సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు. ఎందుకంటే ఆ నంబరు మీ ఒక్కరిది కాదు. నాచారంలో మీ తమ్ముడి ఫ్లాట్‌లో రౌటర్‌దీ అదే కావచ్చు, ఉప్పల్‌లో మీ మేనత్త ఇంట్లోదీ అదే కావచ్చు. కొన్ని రౌటర్లు సర్టిఫికెట్ లేని మామూలు హెచ్‌టీటీపీ పేజీనే చూపిస్తాయి. 2018 జులై నుంచి క్రోమ్ అలాంటి పేజీలన్నిటికీ 'నాట్ సెక్యూర్' అని ముద్ర వేస్తోంది.

బ్రౌజర్ తన డ్యూటీ తాను చేస్తోంది. మీరూ మీ డ్యూటీ చేయండి. హెచ్చరిక కనబడగానే మూడు ప్రశ్నలు వేసుకోండి.

- అడ్రస్ నా చేత్తో నేనే టైప్ చేశానా?
- నా ఇంటి వైఫైలోనే ఉన్నానా?
- ఇది రౌటర్ అడ్రసేనా?

మూడింటికీ అవునంటేనే ముందుకెళ్లండి. ఒక్కటి కాదన్నా వెనక్కి వచ్చేయండి. ఇంకో మాట. హెచ్చరిక రానంత మాత్రాన సైట్ మంచిదని కాదు. దొంగ సైట్లకూ సర్టిఫికెట్లు దొరుకుతాయి. అడ్రస్ అక్షరం అక్షరం చదవడం మీ పనే.

"నాకు టెక్నికల్ తెలీదు సార్!"

ఈ మాట ఈరోజుతో మానేయండి. గ్యాస్ రెగ్యులేటర్ మార్చడం ఎవరు నేర్పారు మీకు? చూసి నేర్చుకున్నారు. ఇదీ అంతే. మనం రోజూ బస్సులో దాటే ఈసీఐఎల్ 1967లో మొదలైంది. కంప్యూటర్ అనే మాటే మన ఇళ్లలో వినబడని రోజుల్లో అక్కడ మనవాళ్లు కంప్యూటర్లు తయారు చేశారు. వాళ్ల వీధిలో ఉంటూ మనం రౌటర్‌కి భయపడతామా?

కొనేముందు అయిదు పరీక్షలు

1. ముందు మీ ఇల్లు చూసుకోండి. నాచారం అపార్ట్‌మెంట్‌లో వైఫై లిస్టు తెరిస్తే ఇరవై పేర్లు కనబడతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు మూడే: 1, 6, 11. అందరూ వాటి మీదే పడితే ట్రాఫిక్ జామే! అక్కడ 5 గిగాహెర్ట్జ్ కావాలి. కీసరలో గొడవ వేరు. ఇండిపెండెంట్ ఇల్లు, మందపాటి గోడలు, పైన ఇంకో అంతస్తు. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటలేక నీరసపడుతుంది. అందుకే డ్యూయల్ బ్యాండ్ తీసుకోండి. డ్యూప్లెక్స్ అయితే మెష్ (ఇల్లంతా సిగ్నల్ పంచుకునే రెండు మూడు డబ్బాల సెట్టు) గురించి ఆలోచించండి.

2. డబ్ల్యూపీఏ3 ఉందా? 2018లో వచ్చిన వైఫై భద్రత ఇది. వైఫై అలయన్స్ సర్టిఫికెట్ కావాలంటే 2020 జులై నుంచి ఇది తప్పనిసరి. పాత ఫోన్లుంటే డబ్ల్యూపీఏ2, 3 కలిసి పనిచేసే మోడ్ పెట్టుకోండి.

3. అప్‌డేట్లు వస్తున్నాయా? 2017లో మ్యాథీ వాన్‌హోఫ్ అనే బెల్జియం పరిశోధకుడు డబ్ల్యూపీఏ2లోనే లొసుగు బయటపెట్టాడు. అప్‌డేట్ అందిన పరికరాలు బాగుపడ్డాయి, అందనివి అలాగే ఉండిపోయాయి. షాపులో నిలబడే కంపెనీ సైట్ తెరవండి. ఆ మోడల్‌కి చివరి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూడండి. మూడేళ్ల కిందటి తేదీ ఉందా? డిస్కౌంట్ ఎంతిచ్చినా వద్దనండి.

4. సెట్టింగ్స్ పేజీ మర్యాదగా ఉందా? ఇది అన్నిటికంటే ముఖ్యం. "పాత బ్రౌజర్ వాడండి, సెక్యూరిటీ తగ్గించండి" అని మాన్యువల్‌లో ఉంటే ఆ డబ్బా తిరిగి షెల్ఫ్‌లో పెట్టేయండి. తాళం తీసి పెడితేనే కాపలా కాస్తానన్నాడట ఒక వాచ్‌మన్. అతన్ని పన్లో పెట్టుకుంటారా? కంపెనీ సొంత యాప్ ఉన్న మోడల్ అయితే ఇంకా మేలు. ప్రొసీడ్ నొక్కే అవసరమే రాదు.

5. పోర్ట్ గిగాబిట్‌దేనా? చవక రౌటర్లలో 100 ఎంబీపీఎస్ పోర్టులుంటాయి. మీరు 200 ప్లాన్‌కి డబ్బు కడుతుంటే సగం గంగలో పోసినట్టే.

అరగంట పెట్టుబడి

సికింద్రాబాద్ సీటీసీ షాపుల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా మొదటి సాయంత్రమే ఈ పనులు చేయండి. రేపు అనకండి.

- అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అరవై చిల్లర డీఫాల్ట్ పాస్‌వర్డుల చిట్టాతో లక్షల పరికరాలను లొంగదీసింది. వాటిలో రౌటర్లూ ఉన్నాయి.
- వైఫైకి తెలుగు పాస్‌వర్డ్ పెట్టండి. సంబంధం లేని నాలుగు మాటలు, ఒక సంఖ్య. 'చింతచిగురు గొడుగు కీలుగుర్రం తిరగలి 47' లాంటిది, ఇంగ్లిష్ అక్షరాల్లో. ఇదే వాడకండి, మీది మీరు కట్టండి.
- డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ బదులు బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ చేసే సౌకర్యం) ఆపండి. దాని పిన్ ఎనిమిది అంకెలే కానీ, డిజైన్ లోపం వల్ల 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది.
- రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. మీ రౌటర్‌ని బయటి నుంచి ఎవరూ తెరవనక్కర్లేదు.
- గెస్ట్ నెట్‌వర్క్ తెరవండి. చుట్టాలు, సీసీ కెమెరా, స్మార్ట్ టీవీ అందులోకి.
- బ్రౌజర్‌లో రెండు స్విచ్చులు వేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లండి. 'ఆల్వేస్ యూజ్ సెక్యూర్ కనెక్షన్స్', 'యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్' రెండూ ఆన్ చేయండి.

చిన్న మెలిక ఉంది. పిల్లల కోసం రౌటర్‌లో పేరెంటల్ కంట్రోల్ పెట్టారా? అది డీఎన్ఎస్ (సైట్ పేరును నంబరు అడ్రస్‌గా మార్చే వ్యవస్థ) మీద నడిచేదైతే, బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్ఎస్ దాన్ని పక్కదారిలో దాటేయవచ్చు. అలాంటప్పుడు బ్రౌజర్‌లోది ఆపి, సెక్యూర్ డీఎన్ఎస్ రౌటర్‌లోనే ఉన్న మోడల్ ఎంచుకోండి. ఇంటికంతటికీ ఒకే కాపలా.

నెలకోసారి పది నిమిషాలు

కరెంటు బిల్లు వచ్చిన రోజే రౌటర్ రోజు. అప్‌డేట్ వచ్చిందా? తెలియని పరికరం ఏదైనా కనెక్ట్ అయిందా? ఈ రెండే చూడండి. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ఆర్నెల్లలో వాళ్లే మీకు గుర్తుచేస్తారు. ఎప్పుడైనా పొరపాటున ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ముహూర్తం దాటనివ్వకండి

కీసరగుట్ట కథ మనందరికీ తెలిసిందే. కాశీ నుంచి లింగం తేవడానికి హనుమంతుడు వెళ్లాడు. ఆలస్యమైంది. ముహూర్తం దాటిపోతోంది. రాముడు ఆగలేదు. శివుడే ఇచ్చిన లింగాన్ని ప్రతిష్ఠించేశాడు. హనుమంతుడు తాను తెచ్చిన 101 లింగాలను కోపంలో విసిరేస్తే అవి గుట్టంతా చెల్లాచెదురయ్యాయంటారు. శివరాత్రికి ఎక్కినప్పుడల్లా వాటి మధ్య నుంచే నడుస్తాం.

మీరూ అంతే. మంచి రౌటర్ వచ్చేదాకా ఆగకండి. ఈ రాత్రి అన్నాలయ్యాక టీవీ వెనక చెయ్యి పెట్టండి. దుమ్ము తుడిచి డబ్బా తిప్పండి. కింద ఒక స్టిక్కర్ ఉంటుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దాని మీదే ఉంటాయి.

చదవండి. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చేయండి.