బండకు జిగురు పట్టాలంటే: పీఎం విశ్వకర్మ రాతి పనివారు, వడ్రంగులు, కమ్మరుల కోసం ఎపాక్సీ పాఠం

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల బండ పని చేసేవాళ్ల కోసం, ఆళ్లగడ్డ శిల్పుల కోసం రాసిన పాఠం ఇది. కడప బండతో టేబుళ్లు, అరుగులు, అల్మరా పలకలు చేసే వడ్రంగులకూ, వాటికి ఇనుప కాళ్లు కట్టే కమ్మరులకూ పనికొస్తుంది. ఫోన్‌లో దాచుకోండి, పని దగ్గర తీసి చూసుకోవచ్చు.

ముందు పథకం సంగతి రెండు ముక్కల్లో. పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. 18 చేతివృత్తులు ఇందులో ఉన్నాయి. శిల్పి, రాళ్లు కొట్టేవాళ్లు, మేస్త్రీ, వడ్రంగి, కమ్మరి అందరూ వస్తారు. బేసిక్ శిక్షణ 5 నుంచి 7 రోజులు, రోజుకు ₹500 స్టైపెండ్. పనిముట్ల కోసం ₹15,000 వరకు ఈ-వోచర్. తనఖా లేకుండా మొదట ₹1 లక్ష వరకు లోన్, 18 నెలల్లో కట్టాలి. అది సరిగ్గా కడితే రెండో విడత ₹2 లక్షల వరకు, 30 నెలల గడువు. మీ మీద పడే వడ్డీ 5 శాతమే.

లోన్ గురించి అడిగేవాళ్లు చాలామంది, జిగురు గురించి అడిగేవాళ్లు తక్కువ. కానీ లెక్క చూడండి. ₹1 లక్షకు 18 నెలల కిస్తీ నెలకు సుమారు ₹5,780. అతుకు ఊడిందని రెండు టేబుళ్లు వాపసు వస్తే ఆ నెల కిస్తీ పోయినట్టే. అదీ చిన్న నష్టం. అంత బరువు పలక పిల్లల కాళ్ల మీద పడితే అప్పుడు డబ్బు లెక్క గుర్తుకు రాదు.

జిగురు అసలు ఎట్లా గట్టిపడుతుంది?

ఎపాక్సీ ఎండిపోయి గట్టిపడదు. ఫెవికాల్‌లో నీళ్లు ఆరిపోతాయి కాబట్టి అది గట్టిపడుతుంది. ఎపాక్సీలో అట్లా కాదు. రెసిన్, హార్డెనర్ రెండూ ఒకదానితో ఒకటి కలిసి కొత్త పదార్థం అవుతాయి. ఇంత రెసిన్‌కు ఇంత హార్డెనర్ అని లెక్క ఉంటుంది. హార్డెనర్ ఎక్కువ వేస్తే తొందరగా, ఇంకా గట్టిగా పడుతుందనుకుంటారు చాలామంది. ఇది పాలిష్ షాపుల్లో వాడే పాలియెస్టర్ మాస్టిక్ నుంచి వచ్చిన అలవాటు. దాంట్లో క్రీమ్ కొంచెం ఎక్కువేస్తే వేగం పెరుగుతుంది. ఎపాక్సీలో ఎక్కువైన హార్డెనర్‌కు జత దొరకదు, అతుకు మెత్తగా, జిడ్డుగా ఉండిపోతుంది.

కొలతలో ఇంకో తిరకాసు ఉంది. బజారులో బాగా అమ్ముడుపోయే ఒక రకం జిగురుకు గిన్నెతో కొలిస్తే సమానం, తూకం వేస్తే 100 గ్రాములకు 80 గ్రాములు. రెండూ నిజమే, ఎందుకంటే రెండు డబ్బాల్లోని సరుకు బరువు వేరు. డబ్బా మీద ఏది రాసి ఉందో చూసి, గిన్నె అయితే గిన్నె, కాటా అయితే కాటా. మధ్యలో మార్చొద్దు. రెండు రంగులూ చారలు లేకుండా కలిసిపోయేదాకా, గిన్నె అంచులు కూడా గీకుతూ కలపండి.

మన ఎండ సంగతి వేరే చెప్పాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన జిగురు చేతిలో నిలిచే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర గంట ఆగుతుందని డబ్బా మీద ఉంటే, ఏప్రిల్ మధ్యాహ్నం కర్నూలులో పావుగంట కూడా నమ్మకం లేదు. పైగా కలిపినప్పుడు ఎపాక్సీ తనంతట తానే వేడెక్కుతుంది. అరకిలో ఒకే గ్లాసులో కలిపి పెడితే పొగలు వచ్చి గడ్డ కట్టేస్తుంది. కొంచెం కొంచెంగా కలపండి, వెడల్పు పళ్లెంలో పరచండి, పని పొద్దున్నే పెట్టుకోండి.

కడప బండ, బేతంచెర్ల బండ

ఇవి సున్నపురాళ్లు. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో ఈ కడప, కర్నూలు రాతి పొరల మీద పెద్ద నివేదిక ప్రచురించాడు. మన జిల్లాల పేర్లు భూగర్భ శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కింది అట్లానే. బెలూం గుహలు తొలిచింది కూడా ఈ జాతి రాతిలోనే. మీకు కావాల్సిన విషయాలు ఇందులో రెండున్నాయి. ఒకటి, రాయి పొరలు పొరలుగా ఉంటుంది. రెండు, యాసిడ్ తగిలితే పొంగుతుంది.

యాసిడ్ విషయం ముందు. బాత్రూం యాసిడ్‌తో బండ కడిగి జిగురు వేసేవాళ్లు ఉన్నారు. వద్దు. రాయి ముఖం తినేసి, వదులు పొడి, ఉప్పు మిగులుస్తుంది. నిమ్మరసం పడిన వంటింటి గట్టు మీద పాలిష్ ఎట్లా చచ్చిపోతుందో చూసే ఉంటారు, అదే పని పదింతలు.

అతుకులు ఊడటానికి అసలు శత్రువు కటింగ్ బురద. నీళ్లు పోస్తూ మిషన్‌తో కోస్తాం కదా, ఆ తెల్లని బురద అంచు మీద సన్నని పొరగా ఆరిపోతుంది. కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది. జిగురు ఆ పొడికి పట్టుకుంటుంది, పొడి మాత్రం రాయిని పట్టుకోదు. పరీక్ష సులువు: అంచు మీద నల్లగుడ్డతో రుద్దండి, తెల్లగా అంటితే ఇంకా కడగాలి. బ్రష్‌తో, మంచినీళ్లతో కడిగి, ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. తడి రాతికి మామూలు ఎపాక్సీ సరిగా పట్టదు. పాలిష్ ముఖం మీద అతికించాల్సి వస్తే ముందు ఆ మెరుపు గ్రైండర్‌తో పోగొట్టాలి. మైనం, నూనె పూసిన బండైతే అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాతే గరుకు చేయండి. వరస తారుమారైతే మైనాన్ని రాతిలోకి రుద్దినట్టవుతుంది.

ఊడిన అతుకును పారేయకుండా ఒకసారి చూడండి, కారణం దాంట్లోనే ఉంటుంది. జిగురు ముఖం అద్దంలా నున్నగా ఉండి, రాయి ఒక్క రేకు కూడా అంటకపోతే శుభ్రం చేయడంలో లోపం. వేలికి జిడ్డుగా తగిలితే కొలతలో లోపం. జిగురుకు రెండువైపులా రాయి అంటుకొని, రాతి పొరే చీలి వచ్చిందంటే మీ అతుకు బాగుంది, రాయే ఓడిపోయింది. అట్లాంటి చోట ఇంకా ఖరీదైన జిగురు కొని లాభం లేదు. పొరకు అడ్డంగా రంధ్రం వేసి స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్ను దించాలి.

ఆరుబయట పనికి పిన్ను తప్పనిసరి అని నా మాట. గది వేడిలో గట్టిపడే మామూలు ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి. మే నెల ఎండలో నల్ల కడప బండ 60 దాటగలదు. బస్టాపులో, బడి ఆవరణలో, పార్కులో వేసే బెంచీకి బరువంతా జిగురు మీద వేలాడకూడదు. కింద దన్ను ఉండాలి, పిన్ను ఉండాలి, జిగురు కదలకుండా పట్టుకోవడానికే. ఎండకు ఎపాక్సీ పసుపెక్కుతుంది కూడా, పైకి కనిపించే గీతలో ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇనుము, అల్యూమినియం, చెక్క, గాజు

ఇనుముకు తుప్పు, పెయింటు, గ్రీజు మూడూ పోవాలి. ముందు థిన్నర్‌తో గ్రీజు తుడవడం, తర్వాత ఉప్పు కాగితంతో తెల్ల ఇనుము కనిపించేదాకా రుద్దడం, మళ్లీ శుభ్రమైన గుడ్డ. నాలుగు చుక్కలు నీళ్లు వేసి చూడండి. పొరలా పరుచుకుంటే సరే, ముత్యాల్లా నిలిస్తే ఇంకా జిడ్డు ఉంది. ఆ నీళ్లు ఆరాకే జిగురు.

అల్యూమినియం రుద్దిన వెంటనే గాలికి మళ్లీ పొర కడుతుంది, అందుకని రుద్దిన రోజే అతికించాలి. పెద్ద చిక్కు అది కాదు. మీటరు పొడవు అల్యూమినియం ఫ్రేము 40 డిగ్రీలు వేడెక్కితే 0.9 మిల్లీమీటర్లు సాగుతుంది. సున్నపురాయి అందులో మూడో వంతు కూడా సాగదు. రోజూ ఈ గుంజులాటలో గట్టి ఎపాక్సీ పగులుతుంది, లేదా రాతి అంచు లేస్తుంది. పొడుగు ఫ్రేములకు సాగే సిలికాన్ సీలెంట్ మేలు. ఇనుము సాగుడు దీంట్లో సగం, కాబట్టి కొంత నయం.

చెక్క బాగా ఎండినదై ఉండాలి. పచ్చి వేప చెక్క ఎండుతూ ముడుచుకుంటే ఏ జిగురూ ఆపలేదు. చెక్క జిగురును పీల్చేస్తుంది కాబట్టి ముందు పల్చగా ఒక పూత, కాసేపాగి రెండో పూత. క్లాంపులు మరీ బిగించొద్దు, ఉన్న జిగురంతా బయటికి వచ్చి అతుకు ఎండిపోతుంది.

గాజు, మెరిసే టైల్స్ గరుకు చేసుకుంటే పడతాయి. పీవీసీ కూడా అంతే. నీళ్ల డ్రమ్ము, బకెట్ ప్లాస్టిక్‌కు మామూలు ఎపాక్సీ పట్టదు, సమయం వృథా. వెనక జాలీ, రెసిన్ వేసి వచ్చిన మార్బుల్ పలకలు గోడకు వేసే మేస్త్రీలు ఆ నున్నటి వెనక భాగానికి ఉత్త సిమెంటును నమ్మొద్దు. దానికి తగిన టైల్ అడ్హెసివ్ వేరే ఉంటుంది.

శిల్పులకు ఒక మాట

ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు మీదే సరుకు దూరం పోతోంది. చెక్కేటప్పుడు వేలు, కిరీటం విరగడం ఏ చేతికైనా జరిగేదే. అదే రాతి పొడిని ఎపాక్సీలో కలిపి అతికిస్తే గీత కనపడదు. తోటలో పెట్టే బొమ్మకు ఇబ్బంది లేదు, కొనేవాళ్లకు చెప్పి అమ్మండి. పూజకు, ప్రతిష్ఠకు పోయే విగ్రహం అయితే అతికించి మాట్లాడకుండా ఇవ్వడం మోసమే. అభిషేకాల తడికి ఆ గీత ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది.

ఒంటికి జాగ్రత్త

హార్డెనర్ చర్మానికి పడితే కొందరికి దురద, బొబ్బలు వస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత చుక్క తగిలినా వస్తుంది, వృత్తే మానుకోవాల్సి రావచ్చు. నైట్రైల్ గ్లౌజులు వాడండి. చేతికి అంటితే సబ్బు నీళ్లు, థిన్నర్ కాదు. థిన్నర్ జిగురును చర్మంలోకి ఇంకా లోపలికి పంపుతుంది. గట్టిపడిన అతుకును గ్రైండ్ చేసేటప్పుడు, రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తూ చేయండి, మంచి మాస్కు పెట్టుకోండి. గ్రానైటు, ఇసుకరాయి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. తువ్వాలు కట్టుకుంటే ఆ సన్న దుమ్ము ఆగదు.

దరఖాస్తు

వయసు 18 నిండాలి, చేతివృత్తి సొంతంగా చేసుకుంటూ ఉండాలి. కుటుంబంలో ఒక్కరికే, ఇక్కడ కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ప్రభుత్వ ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు అర్హులు కారు. గత 5 ఏళ్లలో పీఎంఈజీపీ, ముద్రా, పీఎం స్వనిధి లోన్లు తీసుకుని ఉండకూడదు. ముద్రా, స్వనిధి పూర్తిగా కట్టేసినవాళ్లకు మినహాయింపు ఉంది. ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబర్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు తీసుకొని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. నమోదు ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు. తర్వాత పంచాయతీ లేదా మున్సిపాలిటీ, జిల్లా కమిటీ, ఆపై స్క్రీనింగ్ కమిటీ అని మూడు దశల్లో పరిశీలిస్తారు. ఏ దశలో ఆగిందో తెలియకపోతే టోల్‌ఫ్రీ నంబర్ 1800 267 7777కు ఫోన్ చేసి, దరఖాస్తు నంబర్ చెప్పి అడగండి.