హైస్కూల్లో ప్రత్యేక అవసరాల పిల్లలు – ఒకరు బాధ్యత తీసుకోవాలి

ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేశాను. సాయంత్రం పద్దులు కుదరకపోతే, తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడుతుందా అని చూసేవాళ్ళం. అయితే ఎవరో 63కు బదులు 36 వేసి ఉంటారని వెతికేవాళ్ళం. ఇంత తెలిసినవాణ్ణి, మా మనవడు అదే తప్పు రోజూ చేస్తుంటే సోమరితనం అనుకున్నాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. ఆ బాధ ఇంకా ఉంది.

బెంగళూరులో మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, కన్నడం, హిందీ. చదవలేకపోతే "భాషలు ఎక్కువయ్యాయి, సర్దుకుంటాడులే" అంటాం. లిపులు దగ్గరగా ఉన్నాయి కనుక కన్నడ, తెలుగు అక్షరాలు కలిపేస్తున్నాడని మేమూ అనుకున్నాం. కానీ విన్న కథను వాడు పొల్లుపోకుండా చెప్పేవాడు. అదే కథ ఏ భాషలో చదవమన్నా తడబడేవాడు. మీ పిల్లల్లో ఇంత తేడా కనిపిస్తే ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించి, తరువాత నిపుణులకు చూపించండి. మేము నిమ్హాన్స్‌కు వెళ్ళాం. డిస్లెక్సియా అన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాలలో అభ్యసన వైకల్యం ఒకటి.

ఆ కాగితం బడిలో ఇచ్చేస్తే పని అయిపోదు. హైస్కూల్లో సబ్జెక్టుకో టీచరు. ఒకరికి చెప్పింది మరొకరికి తెలియదు. సైన్సు మేడమ్ నోట్సు జెరాక్స్ ఇచ్చేవారు. సోషల్ సార్ అందరి ముందు నిలబెట్టి చదివించేవారు. చివరికి హెచ్.ఎం. గారు స్పెషల్ ఎడ్యుకేటర్‌కు పూర్తి బాధ్యత అప్పగించారు. ఆవిడ వాడికి ఏది వచ్చు, ఏది రాదు, టీచర్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఒక్క పేజీలో రాసి అందరి చేత సంతకాలు చేయించారు. నెలకోసారి అందరినీ అడిగి మార్పులు చేసేవారు. చదివించదలిస్తే ఏ పేరానో ముందురోజే చెప్పాలి. సైన్సు జవాబుకు స్పెల్లింగు మార్కులు కోయకూడదు. వాణ్ణీ కూర్చోబెట్టి అడిగారు. "ముందు బెంచీ వద్దు మిస్, అందరూ వెనకనుంచి చూస్తారు" అన్నాడట. మాలో ఎవరికీ తోచని మాట అది.

6వ తరగతి నుంచి పైన ఇటువంటి 15 మంది పిల్లలకు ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలన్న ప్రమాణం ఉంది. మీ బడిలో లేకపోతే ఉన్న టీచర్లలోనే ఒకరిని బాధ్యులుగా పెట్టమని రాతపూర్వకంగా అడగండి. నేను మొహమాటపడి ఒక ఏడాది పోగొట్టాను.

సీబీఎస్ఈ పరీక్షల్లో అర్హులకు 3 గంటల పేపరుకు గంట అదనంగా ఇస్తారు, స్క్రైబ్ సౌకర్యమూ ఉంది. రాష్ట్ర బోర్డుల నిబంధనలు వేరు, హెచ్.ఎం. గారిని అడగండి. ధ్రువపత్రం 9వ తరగతి రిజిస్ట్రేషన్ లోపే చేతికి రావాలి. ఇంకో సంగతి, చెప్పి రాయించడానికీ సాధన కావాలి. మావాడు మొదట్లో గబగబా చెప్పేస్తే రాసే అబ్బాయి సగం వదిలేశాడు. బడి పరీక్షల్లోనే అలవాటు చేయించండి.

వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువీకరిస్తే 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య చట్టం ఇచ్చిన హక్కు. మన స్కాలర్‌షిప్ దరఖాస్తుకు కూడా మార్కుల జాబితాతో పాటు ఆ ధ్రువపత్రం నకలు జతచేయండి. మార్కులు తక్కువని ఇంట్లోనే ఆపేయకండి.